నమీబియాలో కారు, డేరాతో ప్రయాణం: పెద్దవారితో కలిసి వెళ్లవచ్చా?

కృష్ణాతీరం

అందరికీ నమస్కారం. వచ్చే జూలైలో మా కుటుంబం నమీబియా వెళ్లాలని అనుకుంటోంది. నేను, నా భార్య, డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి, డెబ్బయికి దగ్గరపడుతున్న మా మామగారు, మొత్తం నలుగురం. రాజధాని విండ్‌హుక్‌లో టొయోటా హైలక్స్ డబుల్ క్యాబ్ బండిని అద్దెకు తీసుకుని, దాని పైకప్పు మీద అమర్చిన రెండు డేరాలలో పడుకుంటూ, వంట మేమే చేసుకుంటూ తిరగాలన్నది ఆలోచన. విమానం దిగిన రోజే దక్షిణానికి బయలుదేరి కీట్‌మన్స్‌హూప్, ఫిష్ రివర్ లోయ, లూడెరిట్స్ చూసుకుని, అక్కడి నుంచి ఉత్తరానికి తిరిగి సెస్రీమ్, స్వాకోప్‌మండ్, స్పిట్స్‌కొప్పె, పాల్మ్‌వాగ్, ఎటోషా వన్యప్రాణి పార్కు మీదుగా రెండు వారాల్లో మళ్లీ విండ్‌హుక్ చేరాలని పథకం వేసుకున్నాము. దాదాపు ప్రతి రాత్రీ ఒక కొత్త చోట బస.

ఇంటర్నెట్‌లో కనిపించే వీడియోలన్నీ సూర్యోదయాలు, ఇసుక తిన్నెలు చూపించి ముగుస్తున్నాయి. ఆ ప్రయాణంలో ఉండే కష్టసుఖాలు రెండూ తెలిసినవారు వివరంగా చెబితే, ముఖ్యంగా మామగారి విషయంలో సలహా ఇస్తే ఎంతో మేలు చేసినవారవుతారు.

జొహన్నెస్‌బర్గ్ తెలుగు

కృష్ణాతీరం గారూ, ముందుగా దూరాల గురించి చెప్పనివ్వండి, ఎందుకంటే ఈ ప్రయాణంలో సుఖమైనా కష్టమైనా అక్కడే మొదలవుతుంది. నమీబియా విస్తీర్ణం సుమారు 8.24 లక్షల చదరపు కిలోమీటర్లు. అంటే మన రెండు తెలుగు రాష్ట్రాలను కలిపి మూడింతలు చేసినంత నేల. 2023 జనగణన ప్రకారం అందులో ఉన్నవారు 30 లక్షల పైచిలుకు మాత్రమే. ఊరికీ ఊరికీ మధ్య వంద కిలోమీటర్లు ఏమీ లేకపోవడం అక్కడ మామూలు.

రోడ్డు పేరుకు ముందుండే అక్షరాన్ని తప్పక గమనించండి. 'బి' రోడ్లు తారువి, వాటి మీద ప్రయాణం హాయిగా సాగుతుంది. 'సి' రోడ్లలో చాలా భాగం కంకరవి. 'డి' రోడ్లు ఇంకా చిన్న దారులు, వర్షాల తరువాత వాటి పరిస్థితి ఎలా ఉంటుందో ముందుగా చెప్పలేము. కంకర రోడ్డు మీద బండ్లు తిరిగి తిరిగి, అడ్డంగా వరుసగా గతుకులు ఏర్పడతాయి. నిదానంగా వెళితే ఒళ్లు హూనమవుతుంది, వేగంగా వెళితే గతుకులు తెలియవు కానీ చక్రాలు నేలను పట్టుకోవు. చాలా అద్దె సంస్థలు కంకర మీద గంటకు 80 కిలోమీటర్లు మించరాదని ఒప్పందంలోనే రాస్తాయి. ఫోటోలు, భోజనం, టీ అన్నీ కలుపుకుంటే రోజు మొత్తం మీద సగటున 50 వస్తే అదే మంచి వేగం.

ఇక మీ పథకానికి వద్దాము. విండ్‌హుక్ నుంచి కీట్‌మన్స్‌హూప్ సుమారు 500 కిలోమీటర్లు, అక్కడి నుంచి లూడెరిట్స్ మరో 340 వరకు. రెండూ తారు రోడ్లే. అయితే రాత్రంతా విమానంలో కూర్చుని వచ్చినవారు, ఎన్నడూ నడపని పెద్ద బండిని ఆ రోజే అంత దూరం నడపడం ప్రమాదకరం. పైగా జూలైలో సూర్యుడు ఉదయం ఏడున్నరకు గానీ రాడు, సాయంత్రం ఆరున్నర కాకుండానే అస్తమిస్తాడు. చీకటి పడ్డాక ఊరి బయట నడపడానికి ఒప్పందాలు ఒప్పుకోవు. కూడూ అనే పెద్ద జింకలు రోడ్డుకు అడ్డంగా దూకుతాయి, వాటిని గుద్దితే బండి, మనుషులు ఇద్దరూ దక్కరు. కాబట్టి మీ చేతిలో ఉన్నది పదకొండు గంటల లోపు పగలు. అందులోనే డేరా విప్పడం, ముడవడం, వంట, ప్రయాణం అన్నీ సాగాలి.

నా మాటగా చెబుతున్నాను, దక్షిణాన్ని పూర్తిగా వదిలేయండి. మిగిలిన ప్రతి చోటా రెండేసి రాత్రులు ఉండండి. డేరాలో ఒక్క రాత్రే ఉండి వెళ్లిపోయేవారికి చాకిరీ అంతా మిగులుతుంది, ఆ చాకిరీకి ప్రతిఫలంగా దక్కే తీరుబడి మాత్రం దక్కదు.

ఎర్రదారి

జొహన్నెస్‌బర్గ్ తెలుగు గారు చెప్పినది అక్షరాలా నిజం. దానికి ఒక సంఘటన జోడిస్తాను.

సెస్రీమ్ నుంచి వాల్విస్ బే వైపు వెళ్లే సి14 రోడ్డు మీద, సాలిటేర్ దాటి కొంత దూరం వచ్చాక మా వెనుక చక్రం పంక్చరయింది. అక్కడి రాళ్లు పలుగు రాళ్లలా కోసుగా ఉంటాయి, టైరు పక్కగోడను చీల్చేస్తాయి. అందుకే అద్దె బండ్లకు రెండు స్టెప్నీలు ఇస్తారు. మాకు స్టెప్నీలకు లోటు రాలేదు. జాకీ కూడా బాగానే ఉంది. తీరా చక్రం విప్పబోతే బండిలో పెట్టిన వీల్ స్పానర్ నట్ల కంటే ఒక సైజు పెద్దది. నట్టు మీద పెట్టి తిప్పితే జారి మూలలు అరగడం మొదలైంది. నీడ లేదు, ఫోనుకు సిగ్నల్ లేదు. ఎండ తీవ్రత అంతగా లేకపోయినా గాలిలో తేమ లేకపోవడం వల్ల పెదవులు పగిలిపోయాయి. గంటకు పైగా వేచి చూశాక ఒక పశువుల క్షేత్రం యజమాని ట్రక్కులో వచ్చాడు. అడగక ముందే ఆగాడు. తన పెట్టెలోంచి నాలుగు కొమ్ముల స్పానర్ తీసి, నట్లను ఒక్కొక్కటిగా వదులు చేసి, చక్రం మార్చేదాకా కూర్చున్నాడు. వెళ్లబోతూ మా దగ్గర నీళ్లు ఎన్ని ఉన్నాయో అడిగి, చాలవనిపించి తన డబ్బాలోంచి మరికొన్ని పోసి వెళ్లాడు.

ఆ దేశంలో రోడ్డు పక్కన ఆగి ఉన్న బండిని చూసి ఎవరూ దాటిపోరు. మీరు కూడా ఆగండి. ఇక తాగునీరు మనిషికి రోజుకు ఐదు లీటర్ల లెక్కన ఎప్పుడూ బండిలో ఉండాలి, డీజిల్ ట్యాంకు సగం ఖాళీ అయినా సరే, కనబడిన ప్రతి బంకులోనూ నింపించుకోవాలి. బంకులో పనివారే డీజిల్ పోసి అద్దాలు తుడుస్తారు, వారికి కొంత చిల్లర ఇవ్వడం మర్యాద. దక్షిణాఫ్రికా రాండ్, నమీబియా డాలరు సమాన విలువతో చెల్లుతాయి, కాబట్టి రెండింటిలో ఏది ఇచ్చినా తీసుకుంటారు. నమీబియా డాలర్లను మాత్రం దేశం విడిచే ముందే ఖర్చు పెట్టేయండి, బయట వాటిని మార్చుకోవడం కష్టం.

వంటిల్లు వసంత

మగవారందరూ బండి గురించి రాస్తున్నారు కనుక నేను డేరా, పొయ్యి సంగతి రాస్తాను.

జూలైలో పగలు హాయిగా, ఇరవై డిగ్రీల పైన ఉంటుంది. సూర్యుడు దిగిన అరగంటకే స్వెటరు కావాలి, తెల్లవారుజామున ఎడారిలో సున్నా దగ్గరికి పడిపోతుంది. బండితో పాటు ఇచ్చే దుప్పట్లు ఆ చలికి సరిపోవు. ఉన్ని టోపీ, మందపాటి సాక్సులు, లోపల వేసుకునే థర్మల్ బట్టలు ఇక్కడి నుంచే తీసుకువెళ్లండి. పొద్దున్నే డేరా గుడ్డ మంచుకు తడిసి బిర్రబిగిసి ఉంటుంది. చేతులు కొంకర్లు పోతుండగా దాన్ని మడిచి, దాని మీద కవరు లాగి, పట్టీలు బిగించడానికి కొత్తలో ముప్పావు గంట పడుతుంది. ఇద్దరు కలిసి చేయవలసిన పని అది.

ధూళి గురించి ఎంత చెప్పినా తక్కువే. వెనుక పెట్టె తలుపు ఎంత గట్టిగా మూసినా సన్నటి తెల్లని దుమ్ము లోపలికి చేరుతుంది. బియ్యం, పప్పు, పొడులన్నీ మూత బిగుతుగా ఉండే డబ్బాలలో పెట్టుకోవాలి. కారప్పొడి పొట్లం విప్పితే అందులో ఏది కారమో ఏది దుమ్మో తెలియని స్థితి వస్తుంది.

వంటకు బండివారు చిన్న గ్యాస్ సిలిండరు, పొయ్యి ఇస్తారు. గాలికి మంట నిలవదు కాబట్టి పొయ్యిని బండి తలుపు చాటున పెట్టుకోవాలి. రెండు లీటర్ల ప్రెషర్ కుక్కర్ మోసుకువెళ్లడం నేను చేసిన పనుల్లో అన్నిటికంటే మంచిది. పెసరపప్పు, బియ్యం, మిరియాలు, జీలకర్ర వేసి మూడు కూతలు వచ్చేదాకా ఉంచితే, చలిలో ఆ పొంగలి కంటే కావలసినది ఇంకేమీ లేదు. విండ్‌హుక్, స్వాకోప్‌మండ్ సూపర్‌మార్కెట్లలో బియ్యం, పప్పులు, పెరుగు, కూరగాయలు దొరుకుతాయి. మధ్యలో ఉండే చిన్న ఊళ్లలో ఉల్లిపాయలు, బంగాళాదుంపలు మించి ఆశించవద్దు.

శిబిరాలలో ప్రతి స్థలానికీ ఒక కొళాయి, మంట వేసుకునే గట్టు ఉండడం సాధారణం. స్నానాల గదులు నేను ఊహించిన దాని కంటే శుభ్రంగా ఉన్నాయి. కొన్ని చోట్ల 'డాంకీ' అని పిలిచే ఇనుప పీపా కింద కట్టెలు రాజేసి నీళ్లు కాస్తారు, సాయంత్రం రాజేస్తారు కాబట్టి స్నానం అప్పుడే కానిచ్చుకోవాలి. కట్టెలు మాత్రం కొనుక్కోవాలి, ఎండిపోయినా సరే చెట్ల కొమ్మలు ఏరకూడదు. బంకుల దగ్గర కట్టలుగా అమ్ముతారు. అక్కడి తుమ్మ జాతి కట్టె నెమ్మదిగా కాలుతుంది, రాత్రి వేసిన నిప్పు పొద్దున టీకి పనికొస్తుంది.

రాత్రి భోజనం అయ్యాక ఆ నిప్పు చుట్టూ కూర్చునే గంట కోసం మిగిలిన చాకిరీ అంతా చేయవచ్చునని నాకు అనిపించింది.

మెతుకుసీమ

వసంత గారి మాటలను గౌరవిస్తూనే నేను వేరే మాట చెబుతాను. మా అమ్మానాన్నలతో వెళ్లినప్పుడు మేము డేరాలు లేని మామూలు బండి తీసుకుని లాడ్జీలలో, పశువుల క్షేత్రాలవారు నడిపే అతిథి గృహాలలో దిగాము. చూడవలసినవన్నీ చూశాము. సాయంత్రం నాలుగింటికి చేరి, వేడినీళ్లతో స్నానం చేసి, వరండాలో కూర్చుని సూర్యాస్తమయం చూసినప్పుడు మా నాన్నగారి ముఖంలో కనిపించిన ప్రశాంతత, డేరా మడత పెడుతూ ఉంటే కనిపించేది కాదు. డేరాల బండికి అద్దె ఎక్కువ, డీజిల్ ఎక్కువ, శిబిరం రుసుములు కూడా చవక కావు. అన్నీ కలిపి చూస్తే మిగిలేది మనం ఊహించినంత ఉండదు. కుటుంబంలో ఒక్కరు ఇబ్బంది పడినా మిగిలినవారెవరూ ఆనందించలేరు. ఈ సంగతిని దయచేసి తేలికగా తీసుకోవద్దు.

జొహన్నెస్‌బర్గ్ తెలుగు

మెతుకుసీమ గారితో చాలా వరకు ఏకీభవిస్తాను. ఒక్క సవరణ. జూలై, ఆగస్టు నెలల్లో యూరప్ నుంచి వచ్చేవారి తాకిడి ఎక్కువ కాబట్టి ప్రసిద్ధమైన చోట్ల లాడ్జీల ధరలు నలుగురి కుటుంబానికి చాలా భారమవుతాయి, తేడా అక్కడ తెలుస్తుంది. రెండింటినీ కలపవచ్చు. చాలా శిబిరాల ఆవరణలోనే గదులు కూడా ఉంటాయి. పెద్దాయన గదిలో, మిగిలినవారు డేరాలో ఉండి, భోజనం అందరూ కలిసి చేయవచ్చు.

వైద్యం వరంగల్

వృత్తిరీత్యా వైద్యుడిని, అక్కడ ప్రయాణించినవాడిని కూడా. పెద్దాయన గురించి అడిగారు కనుక రాస్తున్నాను.

పైకప్పు డేరాకు ఎక్కేది సన్నటి అల్యూమినియం నిచ్చెన. రాత్రి ఒకటి రెండుసార్లు మూత్రవిసర్జనకు లేచే వయసువారు, నిద్రమత్తులో, చలిలో, చీకటిలో ఆ నిచ్చెన దిగడం తుంటి ఎముక విరగడానికి సులువైన మార్గం. అక్కడ అలాంటిది జరిగితే శస్త్రచికిత్స చేయగల ఆసుపత్రి కొన్ని వందల కిలోమీటర్ల దూరంలో ఉండవచ్చు. కాబట్టి మామగారికి గది, గది దొరకని చోట నేల మీద వేసే డేరా, అందులో మడత మంచం. దీనిలో రాజీ వద్దు. విమానంలో తరలించే ఖర్చును కూడా భరించే ప్రయాణ బీమాను అందరికీ తీసుకోండి. రక్తపోటు మందులు వాడుతున్నట్లయితే రెండు వాటాలుగా చేసి రెండు వేర్వేరు సంచులలో ఉంచండి. పొడి గాలిలో చెమట పట్టినట్లే తెలియదు, దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు తాగించండి.

మలేరియా ఉత్తర నమీబియాలో ఉంది, ఎటోషా ఆ పరిధిలోకి వస్తుంది. వర్షాకాలంతో పోలిస్తే జూలైలో ముప్పు తక్కువే అయినా, మందు వేసుకోవాలా వద్దా అన్నది మీ వైద్యుడితో మాట్లాడి తేల్చుకోండి. ఎల్లో ఫీవర్ విషయం చాలామంది పట్టించుకోరు. నమీబియాలో ఆ వ్యాధి లేదు. అయితే మీ విమానం అడిస్ అబాబా వంటి చోట ఎక్కువ గంటలు ఆగితే, అటు నమీబియాలోనూ, తిరిగి వచ్చేటప్పుడు ఇటు మన విమానాశ్రయంలోనూ టీకా పత్రం అడగవచ్చు. టీకా వేసుకున్న పది రోజుల తరువాతే ఆ పత్రం చెల్లుబాటు అవుతుంది. హైదరాబాదులో నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో ఈ టీకా వేస్తారు. కుక్కలు, నక్కలు, ఆఖరికి కూడూ జింకలలో కూడా రేబిస్ ఉన్న దేశం అది. ఏ జంతువూ మచ్చికగా దగ్గరకు వస్తోందని చేయి చాపవద్దని అమ్మాయికి చెప్పండి.

పాతచరిత్ర

దక్షిణానికి వెళ్లినా వెళ్లకపోయినా ఒక విషయం తెలుసుకుని వెళ్లాలని కోరుతున్నాను. లూడెరిట్స్ ఊరిని ఆనుకుని సముద్రంలోకి చొచ్చుకుపోయిన షార్క్ ఐలండ్ అనే రాతి నేల ఉంది. పర్యాటకుల పుస్తకాలలో అది సముద్రపు గాలి తగిలే శిబిర స్థలం. 1905 నుంచి 1907 వరకు అక్కడ జర్మన్ వలస ప్రభుత్వం నడిపింది నిర్బంధ శిబిరం. హెరెరో, నామా ప్రజలను, స్త్రీలను పిల్లలను కూడా, ఆ చలిగాలిలో సరైన బట్ట, తిండి లేకుండా ఉంచి చాకిరీ చేయించారు. వేలమంది అక్కడే చనిపోయారు. నామా నాయకుడు కార్నేలియస్ ఫ్రెడెరిక్స్ కూడా 1907లో అక్కడే ప్రాణం విడిచాడు. ఆయన స్మారక శిల ఇప్పుడు అక్కడ ఉంది. 1904 నుంచి 1908 వరకు సాగిన ఆ హత్యాకాండను జాతిహననంగా జర్మనీ ప్రభుత్వం ఒప్పుకున్నది 2021 మే నెలలో.

ఆ నేల మీద డేరా వేసి, మాంసం కాల్చుకుని, సూర్యాస్తమయం ఫోటో తీసుకుని వెళ్లడం నాకు సమ్మతం కాదు. అక్కడికి వెళ్లండి, నిలబడండి, చదవండి, రాత్రికి ఊళ్లో ఉండండి. దక్షిణాన్ని వదిలేసినా స్వాకోప్‌మండ్ మీ దారిలోనే ఉంది. అక్కడి శ్మశానంలో జర్మన్ల సమాధులు పాలరాతి పలకలతో తీర్చిదిద్ది ఉంటాయి, వాటి అవతల ఇసుకలో పేరు, గుర్తు ఏమీ లేని చిన్న చిన్న దిబ్బలు వరుసలుగా కనిపిస్తాయి. అవి హెరెరో, నామా ఖైదీలవి. ఊళ్లోని జర్మన్ కట్టడాలను, కేకు దుకాణాలను మెచ్చుకునేవారు ఒక అరగంట అక్కడికి కూడా వెళ్లాలి. నాతో వచ్చినవారిలో ఒకరు అడిగారు, సెలవుకు వచ్చిన చోట ఇదంతా ఎందుకని. పరాయి దేశపు నేల మీద పడుకోవడానికి వెళ్లేవారు ఆ నేల ఎవరిదో తెలుసుకోవడం కనీస మర్యాద అని నా నమ్మకం.

కృష్ణాతీరం

మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. ఇంట్లో అందరం కూర్చుని మీ సందేశాలన్నీ చదువుకున్నాము. దక్షిణాన్ని వదులుకుంటున్నాము. మొదటి రాత్రి విండ్‌హుక్‌లో విశ్రాంతి, తరువాత సెస్రీమ్, స్వాకోప్‌మండ్, స్పిట్స్‌కొప్పె, పాల్మ్‌వాగ్, ఎటోషా. ఎటోషాలో మూడు రాత్రులు, మిగిలిన ప్రతి చోటా కనీసం రెండు రాత్రులు. మామగారికి వీలైన చోటల్లా గది, స్పిట్స్‌కొప్పె లాంటి చోట నేల డేరా.

మామగారు పదవీ విరమణ చేసిన భూగోళ శాస్త్రం ఉపాధ్యాయులు. ఆయన అడగమన్న ప్రశ్నలు రెండు ఉన్నాయి. సోసుస్‌వ్లే ఇసుక తిన్నెల దగ్గరకు బండి ఎంతవరకు వెళుతుంది? ఎటోషాలో శిబిరం లోపలి నుంచే జంతువులు కనిపిస్తాయన్నది నిజమేనా?

ఎర్రదారి

సెస్రీమ్ ద్వారం నుంచి లోపలికి సుమారు 60 కిలోమీటర్లు తారు రోడ్డు ఉంది, మామూలు కారు కూడా వెళుతుంది. చివరి ఐదు కిలోమీటర్లు మాత్రం లోతైన ఇసుక. నాలుగు చక్రాలకూ శక్తి అందే గేరు వేసి, టైర్లలో గాలిని 15-18 పీఎస్‌ఐకి దించి, ఎక్కడా ఆగకుండా, బ్రేకు తొక్కకుండా ఒకే ఊపున వెళ్లాలి. కూరుకుపోతే ఎక్సలేటరు తొక్కవద్దు, తొక్కిన కొద్దీ ఇరుసు దాకా దిగిపోతుంది. ఇసుక తోడి, గాలి ఇంకొంచెం తీసి, వచ్చిన జాడలోనే వెనక్కి రావాలి. ధైర్యం చాలకపోతే తారు రోడ్డు ముగిసే చోట షటిల్ బండ్లు ఉంటాయి. మామగారితో ఉన్నప్పుడు ఆ బండి ఎక్కడమే మంచిది.

ప్రభుత్వ సంస్థ నడిపే సెస్రీమ్ శిబిరం పార్కు ద్వారానికి లోపలి వైపు ఉంది. అందులో దిగినవారిని సూర్యోదయానికి గంట ముందే తిన్నెల వైపు వదులుతారు, బయట దిగినవారు సూర్యుడు వచ్చేదాకా ద్వారం దగ్గర ఆగాలి. ఆ గంట చాలా విలువైనది, కానీ జూలైకి ఆ స్థలాలు నెలల ముందే నిండిపోతాయి.

ఆ తిన్నెల మధ్య ఉన్న డెడ్‌వ్లే అనే ఎండిన మడుగుకు షటిల్ దిగిన చోటి నుంచి ఇసుకలో కిలోమీటరుకు పైగా నడక. కొన్ని వందల ఏళ్ల క్రితం చనిపోయిన తుమ్మ జాతి చెట్లు అక్కడ కుళ్లిపోకుండా నల్లగా నిలబడి ఉన్నాయి. ఒకప్పుడు అక్కడిదాకా వచ్చిన త్సౌచాబ్ నది దారిని ఇసుక తిన్నెలు కట్టేశాయి, నీరు అందక చెట్లు చచ్చాయి, గాలి మరీ పొడిగా ఉండడంతో కుళ్లే వీలు కూడా లేకపోయింది. భూగోళం చెప్పిన మాస్టారికి ఆ అడుగు మట్టి పగుళ్ల మీద కూర్చుని చూడవలసినది చాలా ఉంది. చేతికర్ర తీసుకుని, తొమ్మిది గంటల లోపే వెళ్లిరండి.

వంటిల్లు వసంత

ఎటోషా సంగతి నేను చెబుతాను. నిజమే, శిబిరం లోపలి నుంచే చూడవచ్చు. ఒకాకుయో శిబిరం అంచున ఒక నీటి మడుగు, దానికీ మనకూ మధ్య తక్కువ ఎత్తు రాతి గోడ, కూర్చోవడానికి బల్లలు ఉన్నాయి. రాత్రంతా పసుపు దీపాలు వెలుగుతాయి. భోజనం చేసి శాలువా కప్పుకుని వెళ్లి కూర్చున్నాము. చాలాసేపు ఏమీ లేదు. తరువాత రాళ్ల మీద డెక్కల చప్పుడు వినిపించి, ఒక నల్ల ఖడ్గమృగం తన పిల్లను వెంటబెట్టుకుని వచ్చింది. తల్లి నీటి అంచున ఆగి చెవులు మాత్రం తిప్పుతూ నిలబడింది, పిల్ల ముందుకు పోబోతే ఒంటిని అడ్డం పెట్టింది. అవతలి గట్టు మీద ఒక జిరాఫీ ముందుకాళ్లు రెండు పక్కలకూ చాపి వంగబోవడం, భయపడి లేవడం, మళ్లీ వంగబోవడం. వందమందికి పైగా కూర్చున్న చోట ఒక్క గొంతు లేవలేదు. లాడ్జీ వరండా గురించి మెతుకుసీమ గారు రాసిన మాట కాదనను, కానీ మామగారిని ఆ బల్ల మీద కూర్చోబెట్టగలిగితే ఆయనకు ఇంకే వసతీ గుర్తుకు రాదు.

జాగ్రత్తలు కూడా ఉన్నాయి. శిబిరంలోకి నక్కలు వస్తాయి, చెప్పులు, బూట్లు బయట వదిలితే ఎత్తుకుపోతాయి. హలాలి అనే మరో శిబిరంలో హనీ బ్యాడ్జర్లు అనే చిన్న అడవి జంతువులు చెత్తడబ్బాలను తిరగేస్తాయి. తినే వస్తువు ఏదీ రాత్రి బయట ఉండకూడదు. శిబిరాల ద్వారాలు సూర్యాస్తమయానికి మూసేస్తారు, పార్కులో వేగ పరిమితి 60, కంచె వేసిన విశ్రాంతి స్థలాల్లో తప్ప బండి దిగకూడదు. ఒకాకుయో నుంచి హలాలి 70 కిలోమీటర్లు, కాని ఏనుగుల మంద రోడ్డు మీద నిలబడితే అది దాటేదాకా మీరూ నిలబడాలి, ఆ సమయాన్ని కూడా లెక్కలో వేసుకోండి.

పాతచరిత్ర

ఒక చిన్న చేర్పు. పశువుల గాలికుంటు వ్యాధి దక్షిణానికి పాకకుండా దేశానికి అడ్డంగా పశువైద్యశాఖ కంచె ఒకటి ఉంది. ఉత్తరం నుంచి దక్షిణానికి పచ్చిమాంసం తేనివ్వరు. పాల్మ్‌వాగ్ దగ్గర ఆ తనిఖీ ఉంది. మాంసం కొనదలిస్తే ఎటు నుంచి ఎటు పోతున్నారో చూసుకుని కొనండి.

తారాపథం

మాస్టారి కోసం ఒక మాట. స్పిట్స్‌కొప్పెలో విద్యుత్తు లేని స్థలాలు ఒకదానికొకటి దూరదూరంగా, గులాబీ రంగు రాతిగుండ్ల నీడన ఉంటాయి. శిబిరాన్ని స్థానిక సముదాయమే నడుపుతుంది. డేరాల దగ్గర కొళాయిలు ఉండవు, నీళ్లు నింపుకుని వెళ్లాలి. అమావాస్యకు దగ్గరగా ఆ రెండు రాత్రులను పెట్టుకోండి. జూలైలో రాత్రి పది గంటల వేళ జ్యేష్ఠా నక్షత్రం దాదాపు నడినెత్తిన ఉంటుంది, దాని పక్కనే పాలపుంత అత్యంత దట్టంగా ఉండే భాగం కనిపిస్తుంది. మన ఊళ్లలో వేసవి రాత్రుల్లో దక్షిణాన నేలకు ఆనుకుని కాసేపు కనిపించి పోయే త్రిశంకు నక్షత్రాల గుంపు అక్కడ ఆకాశంలో సగం ఎత్తున నిలబడి ఉంటుంది. ధ్రువ నక్షత్రం అసలే కనిపించదు. మందపాటి చాప, దుప్పటి ఉంటే చాలు, ఆయన పడుకునే చూడవచ్చు.

కృష్ణాతీరం

మామగారు ఈ సందేశాన్ని రెండుసార్లు చదివించుకున్నారు. నిచ్చెన ఎక్కనివ్వనందుకు ఉన్న చిన్నపాటి అలక దీనితో తీరింది. మా తేదీలను అమావాస్యకు సర్దుకుంటున్నాము.

చివరిగా ఒక్కటి. బండి తీసుకునేటప్పుడు, సంతకం పెట్టే ముందు ఏమేమి చూసుకోవాలి?

ఎర్రదారి

కనీసం రెండు గంటలు కేటాయించండి, తొందరపెడితే ఒప్పుకోవద్దు. స్పానర్‌తో ప్రతి చక్రానికీ ఒక నట్టును మీ చేత్తోనే వదులు చేసి మళ్లీ బిగించి చూడండి. జాకీని ఎత్తి దించండి. రెండు స్టెప్నీలలో గాలి, వాటి అరుగుదల చూడండి. గాలి పంపు ఇంజను నడుస్తుండగా పనిచేస్తోందో లేదో, గాలి కొలిచే మీటరు ఉందో లేదో చూడండి. రెండు డేరాలనూ అక్కడే విప్పించి మీరే మడవండి, జిప్పులన్నీ పైకి కిందికి లాగండి. ఫ్రిజ్ రెండో బ్యాటరీ మీద నడుస్తోందో లేదో, ఇంజను ఆపి కాసేపు ఆగి చూడండి. గ్యాస్ సిలిండరును చేత్తో ఎత్తి బరువు చూడండి. అద్దం మీద ఉన్న ప్రతి గీతనూ ఫోటో తీసి వారి కాగితం మీద రాయించండి.

జొహన్నెస్‌బర్గ్ తెలుగు

బీమా పత్రాన్ని కూడా అక్కడే చదవండి. టైర్లు, అద్దాలు, బండి అడుగు భాగం, ఇసుక తుఫాను వల్ల పోయే పెయింటు, ఇవన్నీ చాలా పాలసీలలో విడిగా డబ్బు కడితే గానీ రావు. జూలైలో తీరం వైపు తూర్పు గాలి రేగితే ఒక్క పూటలో ముందు అద్దం మసకబారిపోతుంది, కాబట్టి ఆ మాట ప్రత్యేకంగా అడగండి. ఎదుటి బండి ఏదీ లేకుండా మీ బండి ఒక్కటే కంకర మీద బోల్తా పడితే బీమా వర్తిస్తుందా, వేగం 80 దాటినట్లు బండిలోని పరికరంలో నమోదైతే ఏమవుతుంది, ఈ రెండింటికీ నోటి మాటగా కాకుండా కాగితం మీద సమాధానం తీసుకోండి. క్రెడిట్ కార్డు మీద పెద్ద మొత్తాన్ని జామీనుగా ఆపి ఉంచుతారు, దానికి తగిన పరిమితి ఉందో లేదో బయలుదేరే ముందే బ్యాంకుతో మాట్లాడి చూసుకోండి. మీ డ్రైవింగ్ లైసెన్సుతో పాటు ఆర్టీఓ ఇచ్చే అంతర్జాతీయ పర్మిట్ కూడా వెంట ఉంచుకోండి. బండి నడిపే రెండో వ్యక్తి పేరును ఒప్పందంలో రాయించడం మరవకండి, లేకపోతే అన్ని వందల కిలోమీటర్లూ మీరొక్కరే నడపవలసి వస్తుంది.